లెవెల్ తగ్గించిన చోట

యూనియన్ ఆఫీసు, మేడ మీది గది
సోమవారం

తమ్ముడూ,

ఫోన్లో అరిచినా నీకు వినపడదు, బయల్దేరి రమ్మంటే లేచి నిలబడగానే నేల ఊగుతోందంటావు. జ్వరం నీ చెవులు తినేశాక నీతో పోట్లాడడానికి నాకు ఈ కాగితం ఒక్కటే మిగిలింది. సరే, కూచున్న చోటి నుంచే చెప్పు. కాస్త తొందరగా చెప్పు.

చిన్నోడి కేసు వచ్చే నెలాఖరుకి విచారణకొస్తోంది. కుట్టు హాల్లో మంటలు లేచినప్పుడు వెనక తలుపుకి తాళం వేసి ఉండబట్టే ఆ ఆడపిల్లలు లోపల కాలిపోయారు. ఆ తాళం వేసింది సూపర్‌వైజరు, అంటే మన చిన్నోడు అని కంపెనీ చేతులు దులుపుకుంది. వాడేమో ఆ తలుపు ఛాయలకే పోలేదంటున్నాడు. తాళంచెవి పొద్దున్నే మేనేజరు తీసుకున్నాడంటున్నాడు. నా చేతుల్లో పెరిగిన ఆఖరి తమ్ముడు, నేను నమ్మాను. మీటింగుల్లో చెప్పాను, కరపత్రం వేయించి గేటు దగ్గర పంచాను. నమ్మనివాళ్ళతో నాకు మాటల్లేవు.

ఇప్పుడు సాక్ష్యం దొరికింది. ప్రమాదం జరిగిన వారంలో లోకల్ కేబుల్ చానల్లో ఆ మేనేజరు లైవ్‌లో కూచుని గంటసేపు కన్నీళ్ళు కార్చాడు. చివర్లో పేర్లు పైకి పాకుతూ సంగీతం మోగుతుంటే, మైకు కట్టేశారనుకుని యాంకర్ వైపు వంగి ఏదో అన్నాడు. సంగీతం కింద నుంచి "తాళం" అన్న మాటా, "నేనే" అన్న మాటా నా చెవిన పడ్డాయి. మిగతాది అర్థం కాలేదు. చానల్ వాళ్ళనడిగితే ఆ టేపు మీద వేరే ప్రోగ్రాం ఎక్కించేశాం అన్నారు. అంతే మరి, పేదవాళ్ళ చావు మీదే కదా ఎవడైనా ఏదైనా ఎక్కించేది!

మిగిలింది ఒకే ఒక్క వీడియో క్యాసెట్. కాలిపోయిన పిల్లల్లో ఒకమ్మాయి తల్లి, కూతురి ఫొటో చూపిస్తారని ఎవరో చెబితే వీసీఆర్‌లో రికార్డు చేసుకుంది. క్యాసెట్ నా చేతిలో పెడుతూ "జాగ్రత్తమ్మా, ఇందులో మా పిల్ల ఉంది" అంది. రెండు చేతులతో పట్టుకుని మేడ దాకా తెచ్చాను.

కోర్టులో క్యాసెట్ ఆడించే మిషన్ లేదు, కంప్యూటర్లోకి ఎక్కించి డిస్కు మీద ఇమ్మంది లాయరమ్మ. ఇక్కడి స్టూడియోలు రెండూ ఆ చానల్ వాళ్ళవే, వాళ్ళ చేతిలో పెడితే పిల్లికి పాలగిన్నె అప్పగించినట్టే. అందుకని మన ఆఫీసు కంప్యూటర్‌కే, వీసీఆర్ బొమ్మని లోపలికి తీసుకునే కార్డు బిగించాం. బొమ్మ బాగానే వస్తోంది. శబ్దమే చచ్చిపోతోంది. అందరూ నోట్లో గులకరాళ్ళు పోసుకుని మాట్లాడుతున్నట్టుంది. సంగీతం దగ్గరికొచ్చేసరికి రేకు చింపిన చప్పుడు తప్ప ఇంకేం లేదు. మేనేజరు మాట అందులో ఎక్కడో ఉంది. దాన్ని బయటికి లాగాలి. లేకపోతే చిన్నోడి జీవితం జైల్లోనే అయిపోతుంది.

థియేటర్లో ఇన్నేళ్ళు శబ్దాలతోనే బతికినవాడివి, చెప్పు, ఏం చెయ్యను?

అక్క

*

డబ్బింగ్ థియేటర్ వెనక సందు
గురువారం

అక్కా,

నీ ఉత్తరం చూసి "మీ అక్క కాగితం మీద కూడా అరుస్తోందండీ" అని నీ మరదలు పలక మీద రాసి చూపించింది. ఈ ఇంట్లో ఇప్పుడు సంసారమంతా పలక మీదే. పోట్లాటలో సగం దాకా వచ్చాక తుడిచేస్తుంది, ఇంక నేనేమనాలి?

పనిలోకి వద్దాం. వీసీఆర్ నుంచి వచ్చిన వైరు కంప్యూటర్ వెనక ఏ రంగు బెజ్జంలో గుచ్చావు? గులాబీ రంగు దాంట్లోనే గుచ్చి ఉంటావు, పక్కన మైకు బొమ్మ ఉంది కదా అని. మైకు నుంచి వచ్చే శబ్దం చీమ నడిచినంత ఉంటుంది. కంప్యూటర్ దాన్ని బోలెడన్ని రెట్లు పెంచి తీసుకుంటుంది. వీసీఆర్ నుంచి వచ్చేది ముందే పెరిగిన శబ్దం. దాన్ని మళ్ళీ పెంచితే చిరిగిపోతుంది. చిరిగిన శబ్దాన్ని తర్వాత ఏ మొనగాడూ కుట్టలేడు. అక్కడే నీలం బెజ్జం ఒకటుంటుంది, లైన్ ఇన్ అంటారు. వైరు అందులో గుచ్చు.

రెండో సంగతి. నీ చెవుల్ని నమ్మకు. కోపంలో ఉన్న మనిషికి అన్నీ తక్కువగానే వినిపిస్తాయి. రికార్డు చేసేటప్పుడు తెరమీద పచ్చగీత ఎగిరిపడుతుంటుంది చూడు, దాన్ని చూడు. పసుపు దాకా పోనీ. ఎరుపు తగిలిందా, అక్కడ శబ్దం పోయినట్టే.

మూడోది మరీ ముఖ్యం. ఆ క్యాసెట్‌ని ఊరికే ఆడించకు. తిరిగిన ప్రతిసారీ అరుగుతుంది. ముందు పనికిమాలిన క్యాసెట్ ఏదైనా పెట్టి లెవెల్ సరిచూసుకుని, అప్పుడు అది పెట్టు. సౌండ్ బొమ్మ గీతల్లా కనిపిస్తుంది కదా, దాన్ని ప్రింటు తీసి పంపు. వినలేను గానీ చదవగలను.

చిన్నప్పుడు నన్ను పాముచెవులోడనేవాళ్ళు మీరు. పక్కింట్లో గిన్నె కిందపడితే అది ఇత్తడిదో స్టీలుదో చెప్పేవాణ్ణి. ఇప్పుడు చిన్నోడి బతుకు ఒక మాట మీద వేలాడుతుంటే ఆ మాట ఎలా ఉందో నాకు ఇంకొకరు రాసి పంపాలి. ఈ సందులో పడుకుని దీని గురించి ఎంత ఆలోచించకూడదనుకున్నా, ఇంకేమీ ఆలోచన రావడం లేదు.

నీ తమ్ముడు

*

యూనియన్ ఆఫీసు
వాన పడుతున్న రోజు

తమ్ముడూ,

గులాబీయే. నువ్వు చెప్పినట్టే గుచ్చాను. నన్ను వెక్కిరించావని కాసేపు ఉడుక్కుని, తర్వాత నీలానికి మార్చాను.

చిరుగు పోయింది. మాట కూడా పోయింది! ఇప్పుడు అందరూ బావిలో కూచుని గుసగుసలాడుతున్నట్టుంది. సౌండ్ బాణాన్ని పట్టుకుని పైదాకా ఈడ్చాను. స్పీకర్లో పెరిగింది, సంబరపడి రికార్డు చేశాను. తీరా చూస్తే రికార్డయింది మళ్ళీ అంతే గుసగుస. ఇంకోసారి చేశాను. అదే. మధ్యలో ఒక వింత జరుగుతోంది. యాంకర్ నవ్వగానే అందరి గొంతులూ తగ్గుతాయి, ఎవరూ మాట్లాడకపోతే బుస్సుమని వెనక శబ్దమంతా పైకొస్తుంది. ఇంకా ఘోరమేమిటంటే, యాంకర్ గొంతే తెలుస్తోంది. మేనేజరు మాట్లాడేటప్పుడు పక్కగదిలోంచి వచ్చినట్టు ఉంది. వాడి నోరు కాపాడడానికి ఈ కంప్యూటర్ కూడా కంపెనీ పక్షం చేరిందా అనిపిస్తోంది. నవ్వకు.

క్యాసెట్ ఎన్నిసార్లు ఆడించావని అడక్కు.

నిన్న చిన్నోణ్ణి చూసొచ్చాను. మా మధ్య జాలీ, వాడి వెనక పోలీసు. చిక్కి శల్యమయ్యాడు. వాడికి అక్షరాలు దిద్దించింది నేనురా, ఇప్పుడు వాడి పేరు పక్కన అంకె వేసి పిలుస్తున్నారు. టేపు దొరికిందిరా, ఇంకెన్నాళ్ళో లేదు అన్నాను. వాడి మొహం వెలుగుతుందనుకున్నాను. నేల చూస్తూ "ఆ టేపెందుకులే అక్కా, వదిలెయ్" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. చూశావా, అధికారం మనిషిని ఎంతదాకా నలుపుతుందో? చివరికి బయటపడాలన్న ఆశ కూడా వాడి చేతే పారేయిస్తుంది. "నువ్వు వదిలేసినా నేను వదలను" అని గట్టిగానే అన్నాను. పోలీసు "మెల్లిగా మాట్లాడండమ్మా" అన్నాడు. మెల్లిగా మాట్లాడినవాళ్ళందరూ ఏమైపోయారో చూస్తున్నాంగా!

టైము లేదు. లాయరమ్మ రోజూ అడుగుతోంది. నాకు నిద్ర లేదు. కళ్ళు మూసుకుంటే ఆ పచ్చగీతే ఎగురుతోంది. ఏదో ఒకటి చెప్పు.

అక్క

ప్రింటు పంపుతున్నాను. నాకైతే గొంగళిపురుగులా కనిపించింది.

*

డబ్బింగ్ థియేటర్ వెనక సందు
ఆదివారం

అక్కా,

ప్రింటు చూశాను. గొంగళిపురుగు కాదు, ఆకలికి చచ్చిన వానపాము. శబ్దం చాలా తక్కువ పడుతోంది.

నువ్వు ఈడ్చిన బాణం నీకు వినిపించేదానికి. రికార్డయ్యేదానికి వేరే బాణం ఉంది. స్పీకర్ బొమ్మ మీద రెండుసార్లు నొక్కు, ఆప్షన్లలో రికార్డింగ్ అని ఎంచుకో, అక్కడ లైన్ ఇన్ కనిపిస్తుంది. దాని బాణం సగం దాటి ఉంచి, గీత చూసుకుంటూ సర్దు. మొదటిదాన్ని నువ్వు పైకప్పు దాకా లాగినా ఫలితం ఉండదు. మైకు ముందు నువ్వరవడం ఒకటి, మీటింగులో జనానికి వినపడడం ఒకటి. మధ్యలో ఆంప్లిఫయర్ వాడు ఉంటాడు కదా. అలా.

యాంకర్ నవ్వితే అందరూ తగ్గడం కంప్యూటర్ తెలివి. లెవెల్‌ని తనే సర్దుకునే ఏర్పాటు ఒకటుంటుంది, ఆటోమేటిక్ అని టిక్కు పెట్టి ఉంటుంది. తీసెయ్. పెద్ద శబ్దం వినగానే అన్నిటినీ అణిచేస్తుంది, నిశ్శబ్దం రాగానే చెత్తనంతా పైకి లేపుతుంది. మేనేజరు మాట సంగీతం కింద ఉందన్నావు. ఆ టిక్కు ఉన్నంతసేపూ సంగీతం వాణ్ణి తొక్కేస్తూనే ఉంటుంది.

ఇక మేనేజరు పక్కగదిలోకి ఎందుకు పోయాడో నాకు తెలుసు. ఇలాంటి చిన్న చానళ్ళలో నేను పనిచేశాను. మిక్సర్ కొనడానికి బద్ధకించి, యాంకర్ మైకు ఎడమవైపు, వచ్చినవాడి మైకు కుడివైపు తోసేస్తారు. ఇళ్ళల్లో టీవీకి ఒకే స్పీకరు కాబట్టి రెండూ కలిసిపోయి ఎవరికీ తేడా తెలియదు. నువ్వు వీసీఆర్ వెనక తెల్ల ప్లగ్గు ఒక్కటే పెట్టి ఉంటావు. ఎర్రది కూడా పెట్టు. మేనేజరు ఎర్రదాంట్లో ఉన్నాడు. రంగు గురించి నువ్వు ఉపన్యాసం మొదలుపెట్టకు, పెట్టు చాలు.

మరో మాట. చిన్నోడు "ఎందుకులే" అన్నాడా, "వదిలెయ్" అన్నాడా? రెండూ అన్నాడా? నువ్వేమన్నావో రాశావు గానీ, వాడు ఆ తర్వాత ఏమన్నాడో రాయలేదు. నేను వాడి గొంతు వినలేను కాబట్టి అడుగుతున్నాను. గొంతెలా ఉంది?

తమ్ముడు

*

యూనియన్ ఆఫీసు
శుక్రవారం

తమ్ముడూ,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. శబ్దం చక్కగా వచ్చింది. మేనేజరు మాట స్పష్టంగా ఉంది. "తాళం నేనే వెయ్యమన్నాను" అన్నాడు. ఎవరు విన్నా తెలిసేలా ఉంది.

క్యాసెట్ పోయింది. రికార్డయిన వెంటనే వెనక్కి తిప్పబోతే మిషన్ నమిలేసింది. టేపు మడతలు పడి, ఒకచోట తెగిపోయింది. ఫర్వాలేదు, పని అయిపోయింది కదా. పాత ఫైళ్ళన్నీ చెరిపేశాను, ఒక్కటే ఉంది. హార్డ్ డిస్కులో ఇంకోదానికి చోటు లేదు.

లాయరమ్మ ఒక కాగితం కావాలంది. శబ్దం పనిలో అనుభవం ఉన్న మనిషి, ఈ రికార్డింగులో ఎక్కడా చెయ్యి పెట్టలేదని సంతకం చేసి ఇవ్వాలట. నువ్వు థియేటర్లో పనిచేసిన సంగతి చెప్పాను. చివరి నిమిషం సౌండ్ బొమ్మ ప్రింటు జతచేశాను. సంతకం పెట్టి తిరుగు టపాలో పంపు.

నీకు తలతిరుగుడు ఎలా ఉంది? మరదల్ని అడిగానని చెప్పు. ఇక్కడ ఎండలు బాగానే ఉన్నాయి.

అక్క

*

డబ్బింగ్ థియేటర్ వెనక సందు
బుధవారం

అక్కా,

నువ్వు ఎండల గురించి రాశావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నాకు ఎండల గురించి రాయడం ఇదే మొదటిసారి. "మీ అక్కకి ఏదో అయింది" అని నీ మరదలు కూడా రాసి చూపించింది.

ప్రింటుని కిటికీ దగ్గర పెట్టుకుని చూశాను. మేనేజరు మొదటి మాట ఉంది, కుడివైపు గీతలో బొడిపెలా లేచింది. దాని తర్వాత సంగీతం దట్టంగా ఒకే ఎత్తులో పోతోంది. ఉన్నట్టుండి ఒకచోట నడుం సన్నబడింది. నాలుగైదు సెకన్లు. మళ్ళీ మామూలైంది.

అలాంటివి చానల్ వాళ్ళూ చేస్తారు, సంగీతం తగ్గిస్తారు. కానీ అక్కడ సంగీతంతో పాటు అడుగున ఉన్న టేపు బుస కూడా తగ్గింది. ఎడమా కుడీ రెండూ ఒకేసారి తగ్గాయి. టేపు బుస ఇంట్లో వీసీఆర్‌లో పుడుతుంది. చానల్ వాడు తగ్గించాలన్నా వాడి చేతిలో లేదు. పైగా అంచులు మెట్లు మెట్లుగా ఉన్నాయి. మౌస్‌తో బాణాన్ని పట్టుకుని లాగితే అలాగే దిగుతుంది, అలాగే ఎక్కుతుంది.

రికార్డవుతుండగా ఎవరో లెవెల్ తగ్గించారు. ఆ గదిలో ఎవరున్నారో నాకు తెలుసు.

అక్కడ వాడేమన్నాడు?

సంతకం పెట్టలేదు. కాగితం నా దగ్గరే ఉంది. నేను పెట్టినా లాభం లేదు. కంపెనీ లాయరు నాకంటే కళ్ళున్నవాణ్ణి తెచ్చుకుంటాడు. ఆ సన్నబడిన నడుం వాడికి కనిపించిన నిమిషంలో "టేపంతా అబద్ధం" అంటాడు. మేనేజరు మాట కూడా దాంతోపాటే పోతుంది. నీ దగ్గర రెండో క్యాసెట్ లేదు. అసలు ఇలాంటి పని ఎలా చేశావే నువ్వు?

చెప్పు. నాకైనా చెప్పు.

తమ్ముడు

*

యూనియన్ ఆఫీసు
తేదీ వెయ్యను

ఒరేయ్,

నేనే తగ్గించాను. అయితే ఏంటి?

మొదటిసారి ఎర్ర ప్లగ్గు పెట్టి ఎక్కించినప్పుడు అంతా వినపడింది. రాస్తున్నాను, చదువు. "తాళం నేనే వెయ్యమన్నాను. సూపర్‌వైజరు కాసేపు నసిగాడు. తర్వాత తనే పోయి వేసొచ్చి తాళంచెవి నా చేతికిచ్చాడు." చివర చిన్నగా నవ్వాడు కూడా.

విన్నాను. మళ్ళీ విన్నాను. ఆ తలుపు ఛాయలకే పోలేదన్నవాడు నా కళ్ళలోకి ఎందుకు చూడలేదో అప్పుడు తెలిసింది. వాడి మాట మీద నేను ఎన్ని మైకుల ముందు నిలబడ్డానురా! ఎంతమంది తల్లుల్ని వాటేసుకుని "మా తమ్ముడు కూడా మీ పిల్లల్లాంటివాడే, వాణ్ణీ బలి చేశారు" అన్నాను!

అప్పుడు ఫైలు చెరిపేసి, మళ్ళీ ఎక్కిస్తూ, ఆ మాట దగ్గర బాణం కిందికి లాగాను. మొత్తం లాగితే అనుమానం వస్తుందని కొంచెం ఉంచాను. నా చెయ్యి వణకలేదు. అది రాయకపోతే అబద్ధం రాసినదాన్నవుతాను.

ఇప్పుడు నీతుల పుస్తకం తియ్యకు. వెయ్యమన్న నోరూ, వేసిన చెయ్యీ ఒకటేనా? వాడి నెల జీతం ఆ మేనేజరు జేబులో ఉంది. వాడు వెయ్యనంటే పక్కవాణ్ణి పిలిచి వేయించేవాడు, చిన్నోడు ఆ సాయంత్రమే రోడ్డు మీద ఉండేవాడు. గుడ్డముక్క దొంగిలిస్తారేమోనని మనుషుల మీద తాళం వేసే పద్ధతి ఎవడు పెట్టాడు? చిన్నోడా? పద్ధతి పెట్టినవాడు ఏసీ కారులో కోర్టుకొస్తాడు, నసిగినవాడు సంకెళ్ళతో వస్తాడు. ఆ రెండో వాక్యం విన్న మరుక్షణం జడ్జికి మొదటి వాక్యం గుర్తుండదు. చేసినవాడు దొరికితే చాలు, చేయించినవాణ్ణి ఎవడూ వెతకడు. నేను తీసేసింది నాలుగు సెకన్లు. వాళ్ళు తీసేసింది ఎన్ని బతుకులు?

సంతకం పెట్టు. నిన్ను బతిమాలుతున్నాను. నేను ఎవర్నీ బతిమాలను, నీకు తెలుసు.

అక్క

*

డబ్బింగ్ థియేటర్ వెనక సందు
శనివారం

అక్కా,

చాలాసార్లు చదివాను. నీ వాదనలో నాకు తప్పు దొరకలేదు. వెయ్యమన్న నోరూ వేసిన చెయ్యీ ఒకటి కాదు. జడ్జి ముందు నిలబడి ఆ ముక్క చెబితే నీ అంత బాగా ఎవరూ చెప్పలేరు. ఇంత బలమైన వాదన చేతిలో పెట్టుకుని సౌండెందుకు తగ్గించావు? నీకే దాని మీద నమ్మకం లేకపోయింది. అందుకని.

నేనూ వాడికి అన్ననే. ఉత్తరం చదివాక గోడకి తల కొట్టుకున్నాను. ఆ చప్పుడు కూడా వినపడలేదు. నీ మరదలు వచ్చి తలకింద చెయ్యి పెట్టింది. పలక తియ్యలేదు.

అయినా సంతకం పెట్టను. ఆ తలుపు వెనక ఉన్న పిల్ల తల్లి నీకు క్యాసెట్ ఇచ్చింది. ఆవిడకి ఆ నాలుగు సెకన్లు లేకుండా చేసే హక్కు నీకూ లేదు, నాకూ లేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది రాస్తాను. ఉన్న ఫైలు ముట్టుకోకు. దాన్ని అలాగే ఒక డిస్కు మీద ఎక్కించు. తర్వాత చోటు సరిపోయేలా చివరి నిమిషం వరకే ఇంకో నకలు తీసి, ఆ సన్నబడిన ముక్కని మాత్రం ఎంచుకుని లెవెల్ పెంచు, పక్కనున్న సంగీతం ఎత్తుకి వచ్చేదాకా. నువ్వు కొంచెం ఉంచానన్నావు కదా, ఆ కొంచెంలోనే మాట ఉంటుంది. దాంతోపాటు బుస కూడా లేస్తుంది, ఇసక రాలినట్టుంటుంది. అయినా మాట తెలుస్తుంది. రెండు డిస్కులూ ఇవ్వు. ఎక్కడ, ఎవరు, ఎందుకు తగ్గించారో నీ చేత్తో రాసి ఇవ్వు. ఎంత పెంచామో నేను రాసి సంతకం పెడతాను. ఆ సంతకం మాత్రం పెడతాను.

దీంతో నీ పేరు పోతుంది. చిన్నోడు ఇప్పట్లో బయటికి రాడు. ఇంకో దారి ఉందేమోనని మంచం మీద పడుకుని వెతికాను. దొరకలేదు. నీకు దొరికితే రాయి.

ముందు ఆ తల్లి దగ్గరికి వెళ్ళు. కోర్టులో అందరితోపాటు వినకూడదు ఆవిడ.

తమ్ముడు

*

యూనియన్ ఆఫీసు
విచారణ అయ్యాక

తమ్ముడూ,

ఇంకో దారి నాకూ దొరకలేదు. దొరికి ఉంటే నీకు ఈ ఉత్తరం వచ్చేది కాదు.

ఆవిడని ఆఫీసుకే పిలిచాను. మేడ మెట్లెక్కి వచ్చి కుర్చీ అంచున కూచుంది. ముందు టేపు తెగిందని చెప్పాను. తర్వాత నా చెయ్యి ఏం చేసిందో చెప్పాను. తర్వాత వినిపించాను. ఇసక రాలినట్టే ఉంది, మాట మాత్రం తెలిసింది. "ఇంకోసారి పెట్టు" అంది. పెట్టాను. "మీ తమ్ముడేనా?" అంది. అవునన్నాను. నాకు తెలిసిన ఉపన్యాసాలన్నీ నోటిదాకా వచ్చాయి, నోరు, చెయ్యి, పద్ధతి, జీతం, అన్నీ. ఒక్కటీ బయటికి రాలేదు. లేస్తూ "రేపు కోర్టులో నా పక్కన కూచోకమ్మా" అంది.

కూచోలేదు.

కంపెనీ లాయరు నన్ను బోనులో నిలబెట్టి నా కరపత్రం చదివించాడు, మొదటి నుంచి చివరిదాకా. "ఇది అబద్ధమేనా?" "అవును." "మీకు తెలిశాక దాచారా?" "దాచాను." "గట్టిగా చెప్పండి." గట్టిగా చెప్పాను. నన్ను గట్టిగా మాట్లాడమని అడిగిన మొదటి మనిషి వాడు. మన యూనియన్ వాళ్ళు కొందరు లేచి బయటికి వెళ్ళిపోయారు. వెయ్యమన్న నోటి సంగతి కూడా చెప్పాను. విన్నారో లేదో తెలియదు. నా మాటకి అప్పటికే విలువ లేదు.

జడ్జి రెండు డిస్కులూ విన్నాడు, నీ కాగితం చదివాడు. మేనేజరుని కూడా ముద్దాయిగా చేర్చమన్నాడు. అంతవరకూ వచ్చింది. చిన్నోడికి బెయిలు ఇవ్వలేదు. వాడు తనే లేచి "తాళం వేసింది నేనేనండీ" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. గొంతెలా ఉందని అడిగావు కదా. చిన్నప్పుడు జ్వరమొస్తే మంచినీళ్ళడిగినప్పుడు ఎలా ఉండేదో అలా ఉంది. వాణ్ణి తీసుకెళ్ళేటప్పుడు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

గెలిచామా అని అడక్కు. యూనియన్ ఆఫీసు తాళాలు సోమవారం అప్పగించమన్నారు. ఆలోగా ఒక పనుంది.

కోర్టు బయట ఆవిడ నన్ను ఆపింది. "క్యాసెట్ పోయింది కదా, నా ముక్క నాకు డిస్కు మీద ఇస్తావా? పక్కింట్లో చూసుకుంటాను" అంది. కూతురి ఫొటో వచ్చే ముక్క. ఇస్తానన్నాను. అప్పుడు ఇంకోటి అడిగింది. ఆ ఫొటో తెరమీద ఉండగా యాంకర్ "కార్మికుల అజాగ్రత్త వల్ల" అంటాడు. రోజూ అక్కడికి రాగానే లేచి టీవీ సౌండ్ మొత్తం తగ్గించి, ఫొటో పోయేదాకా అలాగే నిలబడి చూసేదట. "అక్కడ సౌండ్ లేకుండా చెయ్యి. లేచి తగ్గించే ఓపిక నాకింక లేదు" అంది.

కొంచెం కూడా ఉంచకుండా, పూర్తిగా తీసెయ్యడం ఎలాగో రాయి. సోమవారంలోగా అందేలా రాయి.

అక్క